గర్భిణులకు మలేరియా రాకుండ రైతులు తీసుకొనవలసిన జాగ్రత్తలు

తొలకరి వానలతో నాట్లు మొదలగును. దోమలు పెరుగుటకు అనువైన కాలము కూడ అదియే. పాడేరు, భద్రాచలము మొదలగు మన్యపు ప్రాంతములలో చలిజ్వరములు ఈ వానకాలముననే హెచ్చగును. ఇంటిలో గర్భిణి యున్న రైతు ఈ విషయమున రెట్టింపు జాగ్రత్త వహింపవలెను. ఏలయన ఈ జ్వరము తల్లిని, కడుపులోని బిడ్డను ఒక్కసారే దెబ్బతీయును.

గర్భిణికి హెచ్చు ప్రమాదమేల?

మలేరియాను వ్యాపింపజేయునది అనాఫిలిస్ జాతి ఆడదోమ. దోమ కడుపులో మలేరియా క్రిమి యుండుటను రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే కనుగొనెను. దోమ కుట్టినపుడు క్రిమి మన రక్తములో ప్రవేశించి, కాలేయములో వృద్ధిచెంది, పిదప ఎర్ర రక్తకణములను నాశనము చేయును.

ఫాల్సిపారం అను రకము క్రిమి సోకిన రక్తకణములు గర్భిణి మాయలో చేరి అంటుకొనియుండును. మాయ ద్వారానే బిడ్డకు ఆహారము, ప్రాణవాయువు అందవలెను గనుక బిడ్డ ఎదుగుదల కుంటుపడును. తల్లికి రక్తము తగ్గును. గర్భస్రావము, నెలలు నిండని కాన్పు, మృతశిశు జననము సంభవింపవచ్చును. బిడ్డ 2.5 కిలోల కంటె తక్కువ బరువుతో పుట్టవచ్చును. వైవాక్స్ రకము కూడ రక్తహీనతను, తక్కువ బరువును కలిగించును.

పొలములో చేయవలసిన పనులు

మన మైదానములలో మలేరియాను మోయు ముఖ్యమైన దోమ ఎండ తగులు తేట నీటిలో గ్రుడ్లు పెట్టును. కొత్తగా నాటిన వరిమడి, పంటబోదెలలోని మడుగులు, కాలువ ఊటలు దీనికి ఇష్టమైన తావులు. కొండ ప్రాంతములలోని మరియొక జాతి మెల్లగా పారు వాగుల అంచున గడ్డిలో పెరుగును. వేడి దినములలో గ్రుడ్డు నుండి దోమ వెలువడుటకు ఒకటి రెండు వారములు చాలును. ఆ లోపల నీరు ఆరిపోయినచో పిల్ల పురుగులు చచ్చును.

1. వరికి తడి-పొడి పద్ధతి అవలంబింపుడు. నాటు కుదురుకొనిన పిదప, మడిలో పాతిన చిల్లుల గొట్టములో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయిన తరువాతనే మరల 5 సెంటీమీటర్ల నీరు పెట్టవలెను. పూత సమయమున మాత్రము మడి ఆరరాదు. ఇందువలన నీరు కూడ ఆదా యగును.

2. దమ్ములోనే మడిని చక్కగా చదును చేయుడు. పల్లములలోను, అడుగుల గుంటలలోను నీరు నిలిచినచో దోమ పిల్లలు అందు బ్రతికిపోవును. ముసురు పట్టినపుడు, నీరు ఇంకని నల్లరేగడిలో ఈ పద్ధతి ఫలితము తక్కువ. ఒక్కరు చేసిన చాలదు. ఆయకట్టు రైతులందరు కలిసి చేయవలెను.

3. బోదెలలో గడ్డి తీసి, ఊటలు పూడ్చి, నీరు ఆగకుండ చేయుడు.

ఇంటిలో చేయవలసిన పనులు

ఈ దోమ రాత్రివేళ కుట్టును. కావున మందు పట్టించిన దోమతెర గర్భిణికి ముఖ్య రక్షణ. ఇంటిలో తెర ఒక్కటే యున్నచో అది ముందుగా ఆమెకే చెందవలెను. పంట కాపలాకు ఆమె పొలము పాకలో పరుండవలసివచ్చిన, తెరను అచ్చటికి కూడ తీసికొనిపోవలెను. తెరను ఉతికిన పిదప నీడలో ఆరవేయుడు. నారుమడికి కంచెగాను, చేపలు పట్టుటకును వాడకుడు. పంటల పురుగుమందులో తెరను ఎన్నడును ముంచరాదు, అది ప్రాణాపాయము.

ఆరోగ్యశాఖ వారు గోడలకు మందు చల్లుటకు వచ్చినపుడు పడకగదిలో కూడ చల్లనిండు. చల్లిన పిదప కొన్ని నెలల వరకు ఆ గోడలకు అలుకు, సున్నము వేయరాదు. వేసినచో మందు మరుగుపడి పనిచేయదు.

జ్వరము వచ్చినచో

కొన్ని ఆఫ్రికా దేశములలో జ్వరము లేకున్నను గర్భిణులకు మలేరియా నిరోధక మాత్రలు ఇత్తురు. మన దేశములో ఆ పద్ధతి లేదు. కనుక మనకు దోమతెర, రక్తపరీక్ష ఈ రెండే ఆధారము. చలి, జ్వరము, తలనొప్పి కనిపించిన నాడే ఆశా కార్యకర్త వద్దగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోగాని రక్తపరీక్ష చేయింపవలెను. నాట్లు ముగిసిన పిదప చూతమని ఆగరాదు.

గర్భవతియని, ఎన్నవ నెలయో తప్పక చెప్పవలెను. ఏలయన మందులు నెలలనుబట్టి మారవచ్చును. వైవాక్స్ తిరుగబెట్టకుండ ఇతరులకిచ్చు ప్రైమాక్విన్ మాత్ర గర్భిణికి పనికిరాదు. ఇంటిలో మిగిలిన మాత్రలు ఆమెకు ఇయ్యకుడు. వైద్యుడు ఇచ్చిన మందును, జ్వరము తగ్గినను, పూర్తిగా వాడవలెను. రక్తము పట్టుటకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను కూడ వైద్యుని సలహాపై క్రమముగా మ్రింగవలెను. మగత, ఫిట్స్, ఆగని వాంతులు, కామెర్లు కనిపించినచో ఆలస్యము చేయక పెద్దాసుపత్రికి చేర్పవలెను.

నారు ముదిరినచో ఒక పంట దిగుబడి తగ్గును. వచ్చే ఏట సరిదిద్దుకొనవచ్చును. గర్భిణి జ్వరమును అశ్రద్ధ చేసిన నష్టమును సరిదిద్దుట సాధ్యము కాదు. కావున ఈ ఏడు నారు పోయుటకు ముందే ఇంటి తెరలను పరిశీలించి, చిరుగులు కుట్టి, బోదెలు బాగుచేసి యుంచుకొనుడు.