ఐటీఐ చదువు – ఉద్యోగములు: అపోహలు, వాస్తవములు

పదవ తరగతిలో వెనుకబడిన బాలునికే ఐటీఐ తగినదనియు, అందుచేరినవానికి పైచదువు మూతపడుననియు, పట్టా పుచ్చుకొన్నవానికి గల భద్రత పనివానికి లేదనియు మన తల్లిదండ్రులలో నాటుకొన్న నమ్మకములు ఎందఱో పిల్లల త్రోవను మఱల్చుచున్నవి గనుక, వానిని పరీక్షించుట అవసరము.

1950లో కేంద్రప్రభుత్వము ఈ శిక్షణను ప్రారంభించినది చదువురానివారికి ఆశ్రయము చూపుటకు గాదు, స్వతంత్రభారతమున వెలయుచున్న కర్మాగారములకు నిపుణులను సమకూర్చుటకు. రెండేండ్ల ఫిట్టరు శిక్షణలో విద్యార్థి డ్రాయింగును చదివి, మైక్రోమీటరుతో మిల్లీమీటరులో నూఱవవంతును కొలువవలసియుండును. రైల్వేలో సహాయ లోకో పైలట్ పదవికి నిర్ణీత ట్రేడులలో ఐటీఐ గలవాడు అర్హుడు, బి.ఏ. పట్టా మాత్రమే గలవాడు కాడు.

పైచదువు మూతపడుననుట కేవలము అజ్ఞానము. మన రెండు రాష్ట్రములలోను ఐటీఐ ముగించినవారు ప్రవేశపరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండవ సంవత్సరములోను, డిప్లొమా పొందినపిదప ఈసెట్ ద్వారా ఇంజినీరింగు రెండవ సంవత్సరములోను చేరవచ్చును.

ఇందుకు విరుద్ధమైన అపోహ మఱియొకటి గలదు. నా యెఱుకలో ఎక్కువ నష్టము కలిగించుచున్నది అదియే. సర్టిఫికెట్టు చేతికి వచ్చినంతనే పని సిద్ధముగ నుండునని తలచి, అప్రెంటిస్‌షిప్పులో నిచ్చు స్టైపెండు స్వల్పమని దానిని విడిచిపెట్టువారు పలువురు. శిక్షణశాలలోని యంత్రమునకును కర్మాగారములో నడుచు యంత్రమునకును గల అంతరము ఆ అప్రెంటిస్‌షిప్పులోనే తీఱును. 1961 నాటి అప్రెంటిస్ చట్టము శిక్షణానంతరము ఉద్యోగమిచ్చి తీఱవలెనని యజమానిని నిర్బంధింపలేదు. 2014 సవరణ ప్రతి యజమానియు ఇందుకై తన నియామకవిధానమును తానే రూపొందించుకొనవలెనని మాత్రము విధించినది. అయినను రైల్వేలో మొదటి స్థాయి ఉద్యోగములందు నూటికి ఇరువది చట్టప్రకారము అప్రెంటిస్‌షిప్పు ముగించినవారికే ప్రత్యేకింపబడియున్నవి. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినవారిని సైతము ప్రభుత్వాసుపత్రుల నియామకములలో ఏడాది అప్రెంటిస్‌షిప్పు గూర్చి అడుగుట పరిపాటి.

పట్టాయే భద్రత యను మాటకు అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 2024 నివేదిక సమాధానము చెప్పుచున్నది: 2022లో మనదేశమున పట్టభద్రులైన యువజనులలో నిరుద్యోగిత 29 శాతమునకు పైబడియుండగా, చదువను వ్రాయను రానివారిలో అది 3.4 శాతము మాత్రమే. బీదవాడు పని లేక కూర్చుండలేడు గనుక, దీనినిబట్టి చదువు వ్యర్థమనరాదు. కాని పట్టా యొక్కటే కొలువు తెచ్చిపెట్టదని స్పష్టమగుచున్నది.

సొంతముగ ఏసీ మరమ్మతు దుకాణము పెట్టుకొన్నవానిని గూడ “ఉద్యోగము రాలేదు” అని ఇంటివారు చింతించుట కద్దు. ప్రభుత్వ గణనలో అతడు ఉపాధి గలవాడే.

కావున సీటు తీసికొనుటకు ముందు తల్లిదండ్రులు ప్రిన్సిపాలును అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు: గత మూడేండ్లలో ఈ ట్రేడు ముగించినవారు నేడెక్కడ పనిచేయుచున్నారు? ఏ కర్మాగారములు ఇక్కడినుండి అప్రెంటిస్‌లను తీసికొనుచున్నవి? వెల్డింగు నేర్చుకొను పిల్లవానికి అభ్యాసమునకు చాలినన్ని రాడ్లు ఇచ్చుచున్నారా?