గోస్తని: ఇసుక దాచిన నీరు

విశాఖపట్నం కుళాయిల్లో వచ్చే నీటిలో కొంత గోస్తనిదని మీకు తెలుసా? అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా సాగి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే ఈ చిన్న నది వర్షాధారమైనది. దీనిపై కట్టిన తాటిపూడి జలాశయం పొలాలకూ నగరానికీ నీరిస్తుంది.

జలాశయమంటే గట్టు కట్టినదేనని చాలామంది విద్యార్థులు రాస్తారు. ఇసుక మేట కూడా జలాశయమే. వానాకాలపు నీరు ఇసుక రేణువుల మధ్య ఇంకి, వేసవిలో పైకి ఏరు ఎండినట్లున్నా అడుగున నిలిచి ఉంటుంది. పద్మనాభం వైపు ఒడ్డు గ్రామాల బావులకు ఊట అందేది అక్కడి నుంచే. నగరం కోసం తోడుకునేదీ ఆ నీటినే. ఇసుకను అదేపనిగా తవ్వితే నీటిమట్టం దిగి, ముందుగా ఎండేది లోతు తక్కువైన రైతు బావి.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఏటిలో వేసవిలో చెలమ ఎంత లోతున ఊరుతుందో పెద్దలనడిగి, నేటి లోతుతో పోల్చండి.