బదిలీల ఊళ్లో పాత సామాను

వేసవి సెలవులు మొదలయ్యాయంటే తిరుమలగిరి, బొల్లారం, లాలాగూడ క్వార్టర్ల ముందు లారీలు ఆగుతాయి. పరీక్షలైపోయాయి, పిల్లల టీసీలు చేతికొచ్చాయి, జూన్‌కల్లా కొత్త ఊరు చేరాలి. బట్టలు, గిన్నెలు, దేవుడి పటాలు లారీ ఎక్కుతాయి. డైనింగ్ టేబుల్, కూలర్, పిల్లవాడికి పొట్టయిపోయిన సైకిల్, మూడేళ్లు వాడిన వాషింగ్ మెషిన్ మాత్రం గుమ్మంలోనే ఉండిపోతాయి. వాటిలో లోపమేమీ లేదు. గువాహటి దాకానో జోధ్‌పూర్ దాకానో మోయించే కిరాయి వాటి విలువను మించిపోతుంది, అంతే.

సికింద్రాబాద్ పుట్టిందే ఇలా వచ్చిపోయే జనంతో. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలిసిన ఇంగ్లీషు దండు విడిదికి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. తర్వాత లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ వచ్చింది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఈ ఊరే కేంద్రమైంది. సైన్యానికి చెందిన శిక్షణ సంస్థలు, రైల్వే కార్యాలయాలు, బ్యాంకులు, ఇప్పుడు ఐటీ ఉద్యోగులు, అందరివీ బదిలీల బతుకులే. అమెరికాలో వాడిన సామాను అమ్మే గుడ్‌విల్ దుకాణాలు చేసే పనిని ఇక్కడ కాలనీ వాట్సాప్ గ్రూపులు, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులు, వాచ్‌మన్లు చేస్తున్నారు.

పాత సామాను చవగ్గా కొనాలనుకునేవారు సాధారణంగా బేరమాడే నేర్పు గురించి ఆలోచిస్తారు. అసలు లాభం అక్కడ లేదు. ఈ వస్తువును వీళ్లు ఎందుకు వదిలించుకుంటున్నారన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికితే సగం పని అయినట్టే. బదిలీ వస్తే మంచి వస్తువైనా అమ్ముకోక తప్పదు. కొత్తది కొనుక్కున్నవాళ్లు పాతదాన్ని ఇంట్లో చోటు కోసం అమ్ముతారు. పదేపదే రిపేరుకొస్తున్న దాన్ని అమ్మేవాళ్లు మాత్రం కారణం అడిగితే మాట దాటేస్తారు. ‘మీరు వెళ్లే ఊళ్లో దీని బదులు ఏం కొంటారు?’ అని మామూలుగా అడిగి చూడండి. ఆ వస్తువుతో వాళ్ల అనుభవం ఎలాంటిదో ఆ జవాబులోనే బయటపడుతుంది.

ఇక కంటితో, చేత్తో చూడాల్సినవి ఉంటాయి. చెక్క కుర్చీ అయితే ముందు తలకిందులు చేయాలి. పైన పాలిష్ ఎవరైనా కొట్టించగలరు, అడుగు భాగానికి ఎవరూ కొట్టించరు. అక్కడ చెక్క అసలు రంగు, గీతలు కనిపిస్తాయి. కాలు, పట్టీ కలిసేచోట ఒక చెక్క కొస మరో చెక్కలో తొలిచిన గాడిలో బిగిసి ఉంటే అది వడ్రంగి చేసిన పని. ఎల్ ఆకారం ఇనుప బిళ్లలు, మర మేకులతోనే నిలబెట్టినట్టుంటే మళ్లీ వదులవుతుంది. సన్నని చిల్లులు, వాటి కింద మెత్తని పొడి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. దాన్ని ఊరికే ఇచ్చినా ఇంటికి తేకూడదు, పక్కనున్న మంచానికీ అంటుకుంటుంది. పొట్టు, జిగురు కలిపి నొక్కిన బోర్డుతో చేసిన అల్మారాల్లో కింది అంచు చూడాలి. ఒకసారి తడి తగిలిందంటే అక్కడ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఇక తగ్గదు.

ఇనుప బీరువా మీద మనవాళ్లకున్న నమ్మకం సరైనదే. గోద్రెజ్ కంపెనీ మన దేశంలో స్టీలు బీరువాలు చేయడం మొదలుపెట్టి వందేళ్లు దాటింది. ముప్ఫై ఏళ్ల నాటి బీరువా ఇప్పటికీ బరువుగా, గట్టిగా నిలబడే ఉంటుంది. తలుపు మూసినప్పుడు పైన, కింద సందు ఒకేలా ఉందా, హ్యాండిల్ తిప్పితే కడ్డీలు పైకీ కిందికీ పూర్తిగా వెళ్తున్నాయా, అడుగు రేకు తుప్పుతో చిల్లు పడిందా అన్నవి చూస్తే చాలు. రంగు పోయిందని వెనక్కి తగ్గాల్సిన పని లేదు. అసలు బేరానికి ఆ పోయిన రంగే పనికొస్తుంది.

ఏసీల విషయంలో లెక్క మారుతుంది. 2022 జూలైలో ఏసీల స్టార్ గుర్తుల కొలతను కఠినం చేశారు. అంతకుముందు 5 స్టార్‌గా ఉన్నది ఆ మార్పుతో 4 స్టార్ స్థాయికి దిగింది. అందుకని స్టార్లు లెక్కపెట్టడం కాదు, లేబుల్ మీద అచ్చయిన సంవత్సరాలు చదవాలి. విప్పే ఖర్చు, మళ్లీ బిగించే ఖర్చు, గ్యాస్ నింపితే అదీ కలుపుకున్నాక, పండగ ఆఫర్లో కొత్తదాని ధరతో పోల్చాలి. తేడా ఏ కొంచెమో ఉంటే కొత్తదే నయం. ట్రాలీ ఆటో కిరాయి, హమాలీ కూలి ఏ పాత వస్తువుకైనా ధరలో భాగమే. మూడో అంతస్తు నుంచి డబుల్ కాట్ మంచం దింపించిన ఎవరినడిగినా చెబుతారు.

బదిలీ కథను మోసగాళ్లూ వాడుకున్నారు. ఇది సికింద్రాబాద్‌వాసులు మరీ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ‘ఆర్మీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ వచ్చింది, బుల్లెట్ బండి సగం ధరకే ఇచ్చేస్తాను’ అంటూ ఆన్‌లైన్‌లో ప్రకటన పెడతారు. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు పంపుతారు. అవి వేరే ఎవరివో. బండి ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్‌లో బయల్దేరిందని, గేట్‌పాస్ కోసం కొంత, డెలివరీ కోసం కొంత అంటూ విడతలుగా లాగుతారు. బండి ఎప్పటికీ రాదు. నగర పోలీసులు దీని గురించి ఎన్నోసార్లు హెచ్చరించారు. ఇదే మోసం తిరగేసి అమ్మేవాళ్ల మీదా జరుగుతుంది: ‘డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోయినట్టే. వస్తువును ఇంటికెళ్లి చూసి, చేతికి తీసుకున్నాకే పైసలివ్వాలి. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బును మధ్యలో ఆపే వీలుంటుంది.

కంప్యూటర్లకైతే ఊరంతా వెతకనక్కర్లేదు. ప్యారడైజ్‌కు దగ్గర్లో, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే అందరికీ తెలుసు. మెమరీ, హార్డ్ డిస్కులు, కీబోర్డులు, రిపేర్లు, వాడిన ల్యాప్‌టాప్‌లు, అన్నీ ఒకే చోట దొరుకుతాయి. ఇక్కడికి వచ్చే డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లలో చాలావరకు కంపెనీలు నాలుగైదేళ్లు వాడి ఒకేసారి మార్చేసినవి. అంటే ఇదీ ఒక రకం బదిలీ సామానే, చెడిపోయి వచ్చినవి కావు. ఆఫీసు వాడకం కోసం చేసినవి కనుక గట్టిగానూ ఉంటాయి.

అయితే ఒక గడువు దాటిపోయింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11ను అధికారికంగా వేసుకోవాలంటే, ఇంటెల్‌లో దాదాపు అన్నీ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్లే కావాలి. కోర్ ఐ5 పక్కనుండే సంఖ్య 6 వేలల్లోనో 7 వేలల్లోనో ఉంటే అది అంతకుముందు తరం. చవగ్గా కనిపించే ల్యాప్‌టాప్‌లలో ఇవే ఎక్కువ. లినక్స్ వాడేవారికి పర్వాలేదు గానీ డిగ్రీ చదివే పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులు ఆ సంఖ్య చూడకుండా డబ్బు కట్టకూడదు. ఛార్జర్ తీసేసి కొంతసేపు నడిపించాలి. ప్రతి కీ నొక్కాలి. కెమెరా, స్పీకరు, అన్ని పోర్టులు పరీక్షించాలి. ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వేసి, మొదట్లోనే పాస్‌వర్డ్ అడుగుతుందేమో గమనించాలి. కొట్టు పేరుతో బిల్లు, ఎన్నాళ్ల వారంటీయో రాతలో అడగాలి. ఇవన్నీ చూస్తుంటే విసుక్కునే కొట్టును వదిలేసి పక్క కొట్టుకు వెళ్లొచ్చు, సీటీసీలో కొట్లకు కొదవ లేదు.

వారపు సంతల సంగతి వేరు. సికింద్రాబాద్ నుంచి మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి లైను మారితే ఎర్రగడ్డ. ఆదివారం పొద్దున రోడ్డు వెంబడి పరిచే సామానులో రెంచీలు, డ్రిల్లింగ్ మిషన్లు, డంబెల్స్, ఫ్యాన్లు, వైర్లు అన్నీ ఉంటాయి. గురువారం పూట పురానాపూల్ వైపు జుమేరాత్ బజార్ ఉండనే ఉంది. చేతి పనిముట్లు కొనడానికి ఇంతకు మించిన చోట్లు లేవు. పాత స్పానర్‌లో చెడిపోయేదేముంది? మోటారున్న వస్తువైతే కరెంటు పెట్టి చూపించగలిగితేనే కొనాలి. మిక్సీని తలకిందులు చేసి, గాలి వెళ్లే రంధ్రాల దగ్గర వాసన చూడండి. మాడిన వాసన వస్తే కాయిల్ పోయినట్టే.

ఈ సంతల్లో ‘ఎందుకు అమ్ముతున్నారు’ అంటే జవాబు దొరకదు, వస్తువు ఎన్ని చేతులు మారిందో అమ్మేవాడికే తెలియదు. అందుకే ఇక్కడ ఫోన్లు కొనకుండా ఉండటం మంచిది. దొంగసొత్తని తెలిసి, లేదా అనుమానించే కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఏ వాడిన ఫోన్ కొంటున్నా ముందు *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. 2023 మేలో కేంద్రం ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని కొట్టి చూస్తే ఆ ఫోన్‌ను బ్లాక్ చేశారో లేదో తెలిసిపోతుంది. ఆ రెండు నిమిషాల పని చేయనివ్వని అమ్మకందారుతో ఇంకో మాట అనవసరం.

పుస్తకాలకు మాత్రం ఏ అనుమానాలూ అక్కర్లేదు. ఆదివారం దుకాణాలు మూసి ఉండగా ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో ఇంజనీరింగ్ గైడ్ల పక్కనే మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చేసిన తెలుగు అనువాదాలు కూడా కనబడతాయి. పేజీలు తగ్గాయేమో తిరగేసి చూసుకుంటే చాలు.

బట్టలకు మన దగ్గర అలాంటి బజారు పెద్దగా ఎదగలేదు. 1902లో బోస్టన్‌లో మొదలైన గుడ్‌విల్‌లో కొత్తగా వెళ్లిన మన విద్యార్థులు చలికోట్లు, వంటపాత్రలు కొనుక్కుంటారు. వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర ఒకరు తొడిగి విడిచిన చొక్కా వేసుకుని ఉండరు. ఇక్కడ పాత చీరలు పనమ్మాయికో, బొంతకో, స్టీలు సామాన్లావిడకో వెళ్తాయి. మూడు జరీ చీరలకు ఒక టిఫిన్ డబ్బా ఇచ్చే ఆ బేరం చూసినవారికి, పాత బట్టకూ విలువ కట్టడం మనకు కొత్త కాదని అర్థమవుతుంది. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ‘థ్రిఫ్ట్’ పేరుతో అమ్ముతున్నవాటిని కొనేటప్పుడు సైజు అక్షరం కాకుండా అంగుళాల్లో కొలత అడగాలి. చంకలు, మెడపట్టీ, జిప్పుల ఫొటోలు దగ్గరగా తీసి పంపమనాలి.

ఎంత చవకైనా వద్దనాల్సినవి కొన్ని ఉన్నాయి. హెల్మెట్ ఒకసారి పడిందంటే లోపలి ఫోమ్ నలిగిపోతుంది, పైకి తెలియదు. పరుపుల కుట్లలో నల్లులు దాక్కుంటాయి. గ్యాస్ పైపు, రెగ్యులేటర్ పాతవి తీసుకోకూడదు. ప్రెషర్ కుక్కర్ కొనొచ్చు. కానీ గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ ఆ కంపెనీవే కొత్తవి వేయించాకే పొయ్యి మీద పెట్టాలి. ఆ రెండూ మోండా మార్కెట్ చుట్టుపక్కల గిన్నెల కొట్లలో అడిగితే ఇస్తారు.