పనికి తగిన కంప్యూటరు

అనంతపురమునుండి బళ్లారికి పోవు మార్గమున ఉరవకొండ యను పట్టణము కలదు. ఊరి ప్రక్కనున్న కొండ దూరమునుండి చూచువారికి పడగ విప్పిన పామువలె కనబడును. ఉరగమనగా పాము, ఉరగకొండయే ఉరవకొండ అయినదని చెప్పుదురు. ఇది వానలు చాలని సీమ. జిల్లాలో ఏడాదికి సగటున కురియు వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియైనను అదనున కురియునను నమ్మకము లేదు. వేరుసెనగ పంట చేతికి రాని యేడు సేద్యమును నమ్ముకొన్న కుటుంబము తల్లడిల్లిపోవును. అట్టి నేలపై వానకు ఎదురు చూడక కొందరికి కూడు పెట్టుచున్నది మగ్గము. ఉరవకొండలో పట్టుచీరలు నేయు నేతగాండ్రు కలరు.

చీరకు వెల తెచ్చునవి అంచును, కొంగును. వానిమీది హంసలను, మామిడి పిందెలను, గోపురములను పూర్వము గళ్ళ కాగితముపై చేతితో గీచెడివారు. నేడు ఆ పని కంప్యూటరుపై జరుగుచున్నది. గీచిన నమూనాను బట్టి అట్టలకు రంధ్రములు పొడుచు యంత్రములు కలవు. అట్టలే అక్కరలేక నమూనాను సూటిగా చదువుకొను మగ్గపు యంత్రములును వచ్చినవి. కావున నమూనాలు గీచుటయే వృత్తిగా పెట్టుకొనదలచిన యువకుడు మొదట కంప్యూటరు కొనవలసియుండును. దుకాణమునకు పోయినచో ఒకదానికి మరియొకదానికి ధరలో నాలుగింతల భేదము కనబడును. ఏది కొనవలెను? డబ్బు గలవాడు పెద్దది కొని నిశ్చింతగా నుండవచ్చును. అప్పు చేసి కొనువాని సంగతి వేరు. తక్కువది కొన్నచో పని సాగదు. ఎక్కువది కొన్నచో పని సాగును గాని, దానితోపాటు వడ్డీయు సాగుచుండును.

ఈ చిక్కు నేతగానికి కొత్తది కాదు. మగ్గముపైన అమర్చు జాకార్డు అను సాధనమున కొక్కెములు వరుసలుగా నుండును. ఒక్కొక్క కొక్కెము కొన్ని పడుగు పోగులను పైకెత్తును. ఏది లేవవలెనో, ఏది లేవరాదో రంధ్రములు పొడిచిన అట్ట చెప్పును. రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట లేవదు. అట్లు విడివడిన పోగుల నడుమనుండి నాడె పోయి పేక పోగును పరచి వచ్చును. ఒక్కొక్క పేక పోగునకు ఒక్కొక్క అట్ట. జాకార్డులలో 120 కొక్కెములవి, 240 కొక్కెములవి, 400 కొక్కెములవి కలవు. కొక్కెములు హెచ్చిన కొలది పువ్వు వెడల్పుగను, సన్నని వివరములతోను వచ్చును. అయినను చిన్న అంచు నేయువాడు 400 కొక్కెముల జాకార్డును తెచ్చి మగ్గము నెత్తిన పెట్టడు. అది బరువు. దానిని నిలుపుటకు ఇంటి కప్పు ఎత్తుగా నుండవలెను. కాలితో త్రొక్కిన ప్రతిసారియు ఆ భారమును మోయవలెను. అందుచేత అతడు ముందు అంచు ఎన్ని అంగుళములో నిశ్చయించుకొని, పిమ్మట జాకార్డును ఎంచుకొనును. కంప్యూటరు విషయమున చాలమంది యీ వరుసను తలక్రిందులు చేయుదురు. ముందు యంత్రమును కొని, దానితో ఏమి చేయుదమాయని తరువాత ఆలోచింతురు.

నిజమునకు జాకార్డు కంప్యూటరుకు పూర్వీకుల కోవలోనిది. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసియైన జోసెఫ్ మేరీ జాకార్డు 1804 ప్రాంతమున దానిని రూపొందించెను. 1830వ దశకమున ఇంగ్లండులో చార్లెస్ బాబేజి గణితము చేయు గొప్ప యంత్రమును ఊహించినప్పుడు, దానికి ఆజ్ఞలిచ్చుటకు నేతగాని అట్టలనే వాడదలచెను. 1834లో జాకార్డు మరణించిన తరువాత లియాన్ నేతవారు ఆయన రూపమును నలుపు తెలుపు పట్టుతో నేసిరి. దానికి పట్టిన అట్టలు 24,000. ఒక్కొక్క అట్టపై 1,050 రంధ్రములకు చోటు కలదు. అది నేతపనియని చెప్పినను నమ్మక, అచ్చు వేసిన బొమ్మయని పందెము కట్టదగినంత సున్నితముగా నుండును. బాబేజి కూడ దాని ప్రతి నొకదానిని సంపాదించి, తన యింటికి వచ్చిన అతిథులకు చూపెడివాడు.

రంధ్రమున్నది, లేదు అను రెండు మాటలలో ఒకదానిని కంప్యూటరువారు బిట్టు అందురు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. ఈ కొలతతో జాకార్డు చిత్రమును లెక్కింపవచ్చును. 24,000 అట్టలను 1,050 చేత గుణించినచో 2 కోట్ల 52 లక్షల బిట్టులు. అనగా 31 లక్షల 50 వేల బైట్లు మాత్రమే. ఇక ఉరవకొండ నేతగాని కొంగును చూతము. 400 కొక్కెములు, 2,000 పేక పోగులు గల నమూనాయనుకొన్నచో దానిలో 8 లక్షల గళ్ళుండును. అది లక్ష బైట్లు. చేతిలోని సెల్ ఫోను తీయు 12 మెగాపిక్సెళ్ళ ఫొటో, కుదింపక ముందు, 3 కోట్ల 60 లక్షల బైట్లుండును. నేతగాడు నెలల తరబడి నేయవలసిన కొంగుల నమూనాలు 360 చేరినగాని ఆ ఒక్క ఫొటో యంత కావు! కష్టమైన పనియన్నంతనే అది కంప్యూటరునకు గూడ కష్టమగునని తలంపరాదు. నమూనా గీచుటలోని కష్టమంతయు గీచువాని కంటికి, బుద్ధికి సంబంధించినది.

నేతలోనే దీనికి మరియొక నిదర్శనము కలదు. పోచంపల్లి చీరలకు పేక నూలును అద్దకమునకు సిద్ధపరచుటకు ఆసు పోయవలెను. ఒక్కొక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఆడవలెను. తల్లి భుజముల నొప్పిని చూచిన చింతకింది మల్లేశము ఏండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆ పని చేయు యంత్రమును సిద్ధము చేసెను. తరువాత దానిని నడుపుటకు మైక్రోకంట్రోలరు అను చిన్న చిప్పు నమర్చెను. బల్లమీది కంప్యూటరుతో పోల్చినచో అట్టి చిప్పు బలము మిక్కిలి స్వల్పము. కాని ఆ పనికి అది చాలును. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది.

అట్లని నమూనాకారునకు ఏ పాత యంత్రమైనను చాలునని కాదు. కంప్యూటరును నడుపు మూల సాఫ్టువేరే కొంత స్థలమును ఆక్రమించును. గీచువాడు చీర మొత్తమును రంగులతో తెరపై పరచి చూచుకొనును; పాత ఫొటోలు నాలుగైదు తెరచి పెట్టుకొనును; చేసిన దిద్దుబాట్లు వెనుకకు తీసికొనుటకు యంత్రము వానినన్నింటిని గుర్తుంచుకొనవలెను. ఈ పనులన్నియు జరుగు తావునకు ర్యామని పేరు. నేతగాని ప్రక్కన కండెలుంచుకొను గంప వంటిది ర్యాము. సామానుల గది వంటిది డిస్కు. గంప చిన్నదైనచో మాటిమాటికి మగ్గము దిగి గదిలోనికి పోయి రావలెను. నేర్పరియైన నేతగాని వేగము ఆ నడకలోనే పోవును. కంప్యూటరు నిదానించినదని విసుగుకొనువారిలో చాలమందికి లోపము గంపలోనే యుండును. నమూనాల పనికి 8 గిగాబైట్ల ర్యాముతో నెట్టుకొని రావచ్చును. 16 ఉన్నచో హాయిగా నుండును. గిరగిర తిరుగు పాత తరహా హార్డు డిస్కునకు బదులు కదలిక లేని ఎస్.ఎస్.డి. వేయించుకొన్నచో గదిలోనికి పోయి వచ్చు కాలమును తగ్గును. పాత యంత్రమునకు ఈ రెండును మార్పించి మరి కొన్నేండ్లు నడుపుకొనువారు తెలివిగలవారు.

ప్రాసెసరును గూర్చి దుకాణదారులు ఎక్కువగా చెప్పునది కోరుల సంఖ్య. కోరు అనగా లెక్క చేయు పనివాడు. పదిమంది పనివారున్నచో పది రెట్లు వేగమగునని వినువాడు మురియును. కాని ఒక మగ్గముపై పదిమంది నేతగాండ్రను కూర్చుండబెట్టినను చీర త్వరగా తెగదు. ఒక పోగు పడిన తరువాతనే మరియొక పోగు పడవలెను. పది మగ్గములు, పది చీరలు ఉన్నచో పదిమందికిని పని దొరకును. పంచుకొనదగిన భాగము ఎంతయో అంతవరకే పనివారు ఉపయోగపడుదురని 1967లో జీన్ ఆమ్‌డాల్ అను ఇంజనీరు వాదించెను. కుంచె కదలిక వంటి పనులు పంచుకొనదగినవి కావు. వానికి ఒక్కొక్క కోరు చురుకుగా నుండుట ముఖ్యము. చలనచిత్రమున వేలకొలది బొమ్మలను తయారు చేయుట పది మగ్గముల పని వంటిది. అచ్చట కోరులు ఎన్నియున్న అంత మేలు. గ్రాఫిక్స్ కార్డులో ఇట్టి పనివారు చిన్నవారు వేలమంది యుందురు. త్రిమితి బొమ్మలకు, వీడియోకు అది ప్రాణము. గళ్ళలో పువ్వు గీచువానికి దానితో పని స్వల్పము.

పనులు మారినచో లెక్క ఎట్లు మారునో చూడుడు. జాతరకు కట్టు ఫ్లెక్సీ బ్యానరు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉండును. అంగుళమునకు 72 చుక్కల చొప్పున దానిలో 4 కోట్ల 48 లక్షల చుక్కలు. నాలుగు సిరాలకు నాలుగు బైట్ల వంతున దాదాపు 18 కోట్ల బైట్లు. ఒకదానిపై నొకటి అయిదు పొరలు వేసినచో 90 కోట్లు. ఇచ్చట 16 గిగాబైట్ల ర్యాము సౌఖ్యము కాదు, అవసరము. పాటలు రికార్డు చేయువానికి నిమిషమునకు కోటి బైట్లకు కొంచెము పైన, భయము లేదు. పెండ్లి వీడియోలు కూర్చువాడే నిజముగా బలమైన యంత్రమును కోరవలసినవాడు. మామూలు హెచ్.డి. వీడియోలో ఒక్కొక్క బొమ్మ, విప్పి చూచినచో, 62 లక్షల బైట్లు. సెకండునకు 25 బొమ్మలు. నిమిషమునకు 933 కోట్ల బైట్లు. 4కె వీడియో దీనికి నాలుగింతలు. ఇతడు 32 గిగాబైట్ల ర్యామును, మంచి గ్రాఫిక్స్ కార్డును కొనుట దుబారా కాదు. కొననిచో బాడుగ పనులు గడువునకు అందవు.

ఇంతటి పనిలో గూడ నేర్పు బలమునకు బదులు నిలిచిన సందర్భములు కలవు. లాట్వియా దేశపు దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన ‘ఫ్లో’ అను బొమ్మల చిత్రము 2025లో ఆస్కారు బహుమతి నందుకొన్నది. అది బ్లెండరు అను ఉచిత సాఫ్టువేరుతో తయారైనది. పెద్ద సంస్థలవలె వందల కంప్యూటర్లను ఒకచోట చేర్చకయే, తన కంప్యూటరుపై త్వరగా పూర్తియగునట్టి చిత్రణ పద్ధతి నాయన ఎన్నుకొనెను. బొచ్చులోని ప్రతి వెండ్రుక నిజముగా కనబడవలెనను పట్టుదలను విడిచి, చిత్రకారుడు కుంచెతో వేసినట్టి రూపమును చాలుననుకొనెను. ఆ రూపమునే చూచువారు మెచ్చుకొనిరి.

ఉరవకొండ వంటి తావున మరి రెండు విషయములు గమనింపవలెను. వీనిని గూర్చి నగరములలో అచ్చగు ప్రకటనలు చెప్పవు. మొదటిది వేడిమి. వేసవిలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. ప్రాసెసరు మితిమీరి వేడెక్కినచో తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. పలుచని ల్యాప్‌టాపులో బలమైన ప్రాసెసరును పెట్టి రేకుల కప్పు క్రింద మే నెలలో నడిపినచో, డబ్బిచ్చి కొన్న బలము మధ్యాహ్నము వేళ దొరకదు. దానికి తోడు ధూళి. పెట్టె వంటి డెస్క్‌టాపు గాలి బాగుగా పీల్చును. విప్పి దుమ్ము దులుపుట సులభము. చెడిన భాగమును మాత్రము మార్చుకొనవచ్చును. రెండవది కరెంటు. అది పోయినప్పుడు ల్యాప్‌టాపునకు దాని బ్యాటరీయే తోడు, డెస్క్‌టాపునకు యు.పి.ఎస్. కొనవలెను. సామాన్యముగా దొరకు 600 వి.ఏ. యు.పి.ఎస్. సుమారు 360 వాట్ల వరకు మోయును. కొన్ని పెద్ద గ్రాఫిక్స్ కార్డులే 450 వాట్లు త్రాగును! అట్టిది కొన్నవాడు యు.పి.ఎస్.ను, విద్యుత్ బిల్లును గూడ పెంచుకొన్నవాడగును.

మిగిలిన డబ్బును తెరపై పెట్టుట మంచిది. నమూనాకారుని కన్ను రోజంతయు దానిమీదనే యుండును. అయినను తెర వెలుతురుతో రంగును చూపును. పట్టు పోగు తనపై బడిన వెలుతురును తిరుగగొట్టి చూపును. జరీ తళుకును ఏ తెరయు సరిగా చూపలేదు. అందుచేత ఎంత మంచి తెరయున్నను, రంగు వేసిన పోగును వాకిట పగటి వెలుతురులో పట్టి చూచిన తరువాతనే పని ఖాయపరచుకొనవలెను.

కొనుటకు పోవునప్పుడు, తాను చేయు పనిలో అన్నిటికంటె పెద్ద నమూనాను పెన్ డ్రైవులో వేసికొని పోవుట ఉపాయము. దుకాణములోని యంత్రముపై దానిని తెరచి, రంగులు మార్చి, చీర మొత్తమును పరచి చూచి, ఎన్ని సెకండ్లు పట్టినదో వ్రాసికొనవలెను. పిమ్మట దానికంటె ఖరీదైన యంత్రముపై అదే పనిని చేసి చూడవలెను. 6 సెకండ్లు పట్టినది 4 సెకండ్లు కావచ్చును. ఆ 2 సెకండ్లు రోజునకు ఎన్ని మారులు కలిసివచ్చునో, దుకాణదారుడడుగు అదనపు ధర ఎన్ని చీరల కూలియో అక్కడనే కాగితముపై లెక్కవేసికొని చూడవచ్చును.