రాతలో బొమ్మ ఎక్కడుంది?

పిల్లలూ! గిజిగాడి గూళ్ళు చూశారా? మా ఊళ్ళో ఒక పాత బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు సొరబుర్రల్లా వేలాడుతుంటాయి. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నెల రోజులు వాటిని గమనించి, చక్కని వ్యాసం రాసి, నాలుగు ఫొటోలు చేర్చి, మా సైన్సు క్లబ్బు వెబ్‌సైటులో పెట్టింది. పెట్టిన రాత్రి తన తెర మీద అన్నీ సవ్యంగానే కనిపించాయట. మర్నాడు బడిలో స్నేహితులందరినీ పిలిచి పేజీ తెరిచింది. రాత ఉంది. శీర్షిక లావు అక్షరాల్లోనే ఉంది. బొమ్మలుండవలసిన చోట మాత్రం నాలుగు ఖాళీ డబ్బాలు!

"నిజంగా పెట్టాను మాస్టారూ" అంటూ ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తప్పు ఆ పిల్లది కాదు. ఆ సైటులో వ్యాసాలు రాసే పెట్టెను, అంటే ఎడిటరును, అమర్చింది నేనూ, నా పాత శిష్యులిద్దరూ. తప్పు మాదే. అదేమిటో తెలియాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి.

ఒకప్పుడు పత్రికలు సీసపు అక్షరాలతో అచ్చయ్యేవి. ప్రెస్సుకు వెళ్ళే రాతప్రతిలో "ఈ మాట లావు అక్షరాల్లో", "ఇక్కడ 3వ నంబరు బ్లాకు" అని గుర్తులు పెట్టేవారు. బొమ్మ ఆ కాగితంలో ఉండేది కాదు. దాన్ని లోహపు పలక మీద విడిగా బ్లాకు చేయించి తెచ్చేవారు. కంపోజిటరు ఆ చోట జాగా వదిలి బ్లాకును బిగించేవాడు.

వెబ్ పేజీ పద్ధతీ ఇంతే! మీరు తెర మీద ఒక మాటను ఎంచుకుని లావు చేస్తే, ఎడిటరు ఆ మాటకు ముందొకటి, వెనకొకటి కోణపు గుర్తులు తగిలిస్తుంది. అవి మీకు కనిపించవు. బ్రౌజరు వాటిని చదివి అక్షరాలను లావుగా చూపిస్తుంది. బొమ్మకైతే "ఇక్కడ ఫలానా చిరునామాలోని బొమ్మ పెట్టు" అనే గుర్తు ఒక్కటే రాతలో ఉంటుంది. ఈ బొమ్మ గుర్తును 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసెన్ అనే అమెరికా యువకుడు ప్రతిపాదించాడు. అప్పటికాయన ఇంకా విద్యార్థే.

ఇప్పుడు మా తప్పు సంగతి. మీరు బొమ్మను ఎన్నుకోగానే ఎడిటరు దాన్ని వెంటనే చూపించాలి కదా? అందుకని మీ కంప్యూటరులోనే ఉన్న ఆ బొమ్మకు ఒక తాత్కాలిక చిరునామా ఇస్తుంది. మీరు ఆ పేజీ తెరిచి ఉంచినంతసేపే అది చెల్లుతుంది. ఈలోగా బొమ్మ సర్వరుకు ప్రయాణం కట్టాలి. సర్వరు దాన్ని దాచుకుని, "నీ బొమ్మ ఇక్కడ ఉంది" అని శాశ్వతమైన చిరునామా పంపుతుంది. ఎడిటరు పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసుకోవాలి.

ఈ చివరి పని మేము మరచిపోయాం! నాలుగు బొమ్మలూ సర్వరులో క్షేమంగా ఉన్నాయి. రాతలో మాత్రం "నా బల్ల సొరుగులో ఉంది, చూసుకో" అన్నట్లుగా ఆ పిల్ల ఇంటి చిరునామాయే మిగిలిపోయింది. బ్రౌజరు ఎక్కడని వెతుకుతుంది, పాపం!

"ఈ గొడవంతా ఎందుకు? బొమ్మను రాతలోనే కలిపేస్తే పోలా?" అని నా శిష్యుల్లో ఒకడు అడిగాడు. కలపవచ్చు. ఆ కిటుకు గమ్మత్తుగా ఉంటుంది. 3 బైట్లంటే 24 బిట్లు. వాటిని ఆరేసి చొప్పున విడదీస్తే 4 గుంపులు. ఆరు బిట్లతో 64 రకాల సంఖ్యలు వస్తాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు 10, మరో రెండు గుర్తులు, మొత్తం 64! ఒక్కో గుంపుకు ఒక్కో అక్షరం రాస్తే బొమ్మంతా అక్షరాల వరుసగా మారుతుంది. కాని 3 బైట్లు 4 అయ్యాయి చూశారా? 30 లక్షల బైట్ల ఫొటో 40 లక్షలవుతుంది.

అది ఎంత బరువో చెప్పనా? 'తెలుగు' అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు సంకేతాలు. వెబ్‌లో వాడే పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 18. పేజీకి 2,000 సంకేతాలనుకుంటే 6,000 బైట్లు. ఆ లెక్కన మన ఫొటో ఒక్కటే 500 పేజీల పుస్తకమంత! ఒక కొమ్ము దిద్ది మళ్ళీ భద్రపరచినా ఆ మూట మొత్తం సర్వరుకు మోయాలి. వద్దన్నాను.

బొమ్మను విడిగా పంపడంలోనూ చిక్కుంది. వచ్చింది బొమ్మే అని నమ్మకమేమిటి? గంపలో పామును పెట్టి, పైన మల్లెపూలని చీటీ అంటించవచ్చు కదా! ఫైలు పేరు ఆ చీటీ వంటిది. అందుకే సర్వరు లోపల తొంగి చూడాలి. జేపెగ్ ఫైలు మొదటి మూడు బైట్లు 255, 216, 255. పీఎన్‌జీ అయితే 137, 80, 78, 71. వీటిలో చివరి మూడూ పి, ఎన్, జి అక్షరాల సంఖ్యలే. ఈ నాలుగు బైట్లనూ దొంగ వేషంగా తగిలించవచ్చు కాబట్టి, వచ్చిన బొమ్మను విప్పి, చుక్క చుక్కా కొత్త ఫైలుగా రాసుకోవడం ఇంకా మంచిది.

రాతనూ గుడ్డిగా నమ్మకూడదు. 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సైటులో ఒక కుర్రాడు తన పేజీలో చిన్న ప్రోగ్రాము దాచాడు. ఆ పేజీ చూసినవారి పేజీలోకీ అది పాకేది. 20 గంటలు తిరక్కముందే పది లక్షల మందికి పైగా అంటుకుంది! సైటువారు కొన్ని మాటలను నిషేధించకపోలేదు. కుర్రాడు నిషిద్ధమైన మాటను రెండు వరుసలుగా విరిచి రాశాడు, అంతే. అందుకే మేము నిషేధాల జాబితా పెట్టలేదు. లావు అక్షరం, వాలు అక్షరం, శీర్షిక, బొమ్మ, ఇలా అనుమతించినవి కొన్నే. తక్కినదంతా సర్వరు గీకేస్తుంది.

చిరునామాలు దిద్దాక ఆ అమ్మాయి బొమ్మలు కనిపించాయి. కాని ప్రకటించే ముందు ఒక ఫైలు వివరాలు తెరిచి చూస్తే నాకు గుండె జల్లుమంది. ఫొటో తీసిన ఫోనులో స్థలం గుర్తించే ఏర్పాటు తెరిచి ఉంది. దాంతో తీసిన చోటి అక్షాంశం, రేఖాంశం ఫొటోలోనే రాసి ఉన్నాయి! ఎవరైనా నేరుగా ఆ బావి దగ్గరికి వెళ్ళవచ్చు. గూట్లో పిల్లలుండే కాలం అది. కొత్త ఫైలు రాసేటప్పుడు ఆ అంకెలను వదిలేయమని ప్రోగ్రాముకు మరో వరుస చేర్చాం.

వ్యాసం చదివిన వాళ్ళు ఇప్పటికీ "ఆ బావి ఎక్కడ?" అని అడుగుతుంటారు. ఆ పిల్ల చెప్పదు.