చెరిపి రాసే చిప్

మదర్‌బోర్డు మీద వేలిగోరు కన్నా చిన్న చిప్ ఒకటి ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ ముందుగా అందుకునే ఆదేశాలు అందులోవే. మెమరీ ఎంతుంది, దాన్ని ఏ వేగంతో నడపాలి, విండోస్ ఏ డిస్కులో ఉంది, ఇవన్నీ తేల్చాకే మిగతా పని మొదలవుతుంది. ఆ ఆదేశాల కట్టకు బయాస్ అని పేరు పెట్టింది గ్యారీ కిల్డాల్, 1970లలో, తన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ కోసం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో దాని సైజు 8 కిలోబైట్లు. ఫ్యాక్టరీలో రాసిందే రాత. 1982 అక్టోబరుకు ముందు తయారైన పీసీకి హార్డ్‌డిస్క్ తగిలించాలంటే ఏకంగా ఆ చిప్ పీకి కొత్తది పెట్టుకోవాల్సి వచ్చేది.

తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని ప్రకటించాక ఈ కథ తిరిగింది. కరెంటుతోనే చెరిపి, కరెంటుతోనే మళ్లీ రాయొచ్చు. 1990లలో బయాస్ ఇందులోకి మారింది. మనం రాయగలిగితే దొంగా రాయగలడు కదా! 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్లలో బయాస్‌ను చెరిపేసి చూపించింది. ఇప్పుడు పాత బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంది, కిలోబైట్లు మెగాబైట్లయ్యాయి, కానీ ప్రమాదం అలాగే ఉంది: బయాస్ అప్‌డేట్ చేస్తూ సగం రాశాక కరెంటు పోతే బోర్డు మూగబోతుంది.

అండమాన్‌లో ఈ భయానికి బరువెక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు; శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక, అప్పటిదాకా ఉపగ్రహం మీద నత్తనడక నడిచిన అప్‌డేట్ డౌన్‌లోడ్ చిటికెలో అయిపోతోంది. పాడైతే కొత్త బోర్డు మాత్రం కేబుల్లో రాదు. ఓడో విమానమో ఎక్కాలి. దేశపు కరెంటు గ్రిడ్‌తో దీవులకు సంబంధం లేదు, చాలావరకు డీజిల్ జనరేటర్లే దిక్కు. అందుకని యూపీఎస్ లేకుండా ఇక్కడ అప్‌డేట్ మొదలెట్టడం మొండి ధైర్యం. బ్యాటరీ ముసలిదైన యూపీఎస్ ఉన్నా లేనట్టే.

అప్‌డేట్ సవ్యంగా ముగిసినా చాలామందికి అసలు తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. మొదటిసారి ఆన్ చేయగానే తెర నల్లగా ఉంటుంది. డీడీఆర్5 బోర్డుల్లో మెమరీకి, ప్రాసెసర్‌కు మధ్య సంకేతాల లెక్క కొత్తగా కుదరాలి. దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. చచ్చిపోయిందనుకుని మధ్యలో ఆపేస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తెర వచ్చాక డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేసి, మెమరీ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు జోలికి పోకుండా ఒకటి రెండు రోజులు వాడి చూడాలి. నిలకడగా ఉంటే అప్పుడు ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడపాలి. అన్నీ ఒకేసారి మార్చి, ఏది చెడగొట్టిందో తెలియక జుట్టు పీక్కునేవాళ్లే ఎక్కువ. విండోసే ఎక్కకపోతే డిస్క్ మోడ్ చూడాలి: రెయిడ్ కాస్తా ఏహెచ్‌సీఐ అయిపోయి ఉండొచ్చు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాళ్లు, అప్‌డేట్ తర్వాత అది అడగొచ్చు కాబట్టి, రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

ఒక్కోసారి అప్‌డేట్ రోగం కాదు, మందు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించి వోల్టేజీ అడుగుతూ లోలోపల అరిగిపోతున్నాయని 2024లో తేలింది. ఆగస్టులో 0x129, సెప్టెంబరులో 0x12బీ అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ నడకను సరిదిద్దే కోడ్) బయాస్ అప్‌డేట్ రూపంలోనే వచ్చాయి. ఇవి అరుగుదలకు అడ్డుపడేవే, అరిగినదాన్ని బాగుచేయలేవు. కాబట్టి ఆ ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఈ అప్‌డేట్‌ను వాయిదా వేయకూడదు. అప్‌డేట్ చేశాక కూడా ఆటలు మధ్యలో మూసుకుపోతుంటే ఇక సెట్టింగులతో కుస్తీ దండగ. ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొన్న బిల్లు వెతికి పట్టుకోవాలి.