పాత కంప్యూటర్‌కి కొత్త బోర్డు తగిలిస్తున్నారా? ముందు గ్రౌండింగ్ చూసుకోండి

ఈసారి కొత్త ఫోన్ కాదు, 1980ల నాటి కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం. తిరువూరులో మా మావయ్య వాళ్ల అటక మీద ఒక డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ దొరికింది. బ్రిటన్‌లో 1984లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ప్లస్‌కి ఇది మన దేశపు లైసెన్స్ వెర్షన్. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో తెచ్చింది. 48కే మెమరీ, జెడ్80 ప్రాసెసర్. క్యాసెట్‌తో గేమ్ లోడ్ చేసే ఓపిక లేక, వెనకాల ఎస్డీ కార్డ్ ఇంటర్‌ఫేస్ ఒకటి తగిలించాను. వీడియోని మా డెస్క్‌టాప్‌లోని క్యాప్చర్ కార్డ్‌కి ఇచ్చాను.

గేమ్ లోడ్ అవుతుంది, రెండు నిమిషాలకే హ్యాంగ్. పైగా వీడియో ప్లగ్ పట్టుకుంటే సన్నగా షాక్ కొట్టింది. ఇంటర్‌ఫేస్ పాడైందేమో అనుకున్నా. కానీ రెండింటికీ కారణం గ్రౌండే. కాకపోతే అది రెండు వేర్వేరు గ్రౌండ్‌లు!

ఏమిటా రెండు?

ఒకటి ఇంటి ఎర్త్. అంటే సాకెట్‌లో పైనుండే లావు హోల్, అక్కడి నుంచి నేలలోని ఎర్త్ పిట్ దాకా వెళ్లే వైరు. ఇది మన ప్రాణం కోసం. రెండోది బోర్డులోని 0 వోల్ట్ లైను. చిప్‌లు వాడుకున్న కరెంట్ తిరిగి వెళ్లే దారి ఇది. వోల్టేజ్ ఎంతుందో ప్రతి చిప్పూ దీన్ని బట్టే కొలుచుకుంటుంది.

హ్యాంగ్ ఎందుకు అయింది?

స్పెక్ట్రమ్ వెనక ఎడ్జ్ కనెక్టర్‌లో 54 కాంటాక్టులు ఉంటే, అందులో 0 వోల్ట్‌వి మూడే. నలభై ఏళ్ల మురికి పట్టి ఆ దారిలో అర ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. ఇంటర్‌ఫేస్ 0.2 ఆంపియర్లు లాగితే దాని గ్రౌండ్ 0.1 వోల్ట్ పైకి జరుగుతుంది. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ టీటీఎల్ చిప్‌లలో 'సున్నా' అవుట్‌పుట్ 0.4 వోల్ట్ దాకా ఉండొచ్చు, ఇన్‌పుట్ 0.8 దాకా దాన్ని సున్నాగానే చదువుతుంది. అంటే మనకున్న మార్జిన్ 0.4 వోల్ట్ మాత్రమే. చాలా లైన్లు ఒకేసారి మారిన క్షణంలో ఈ జరుగుడు ఇంకా పెరుగుతుంది. అప్పుడు సున్నా ఒకటిగా కనిపిస్తుంది, మెషీన్ ఆగిపోతుంది.

నేను చేసింది

1. పవర్ తీసేసి, కాంటాక్టుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. గరుకు కాగితం మాత్రం వాడకండి, పైపూత లేచిపోతుంది.
2. ఇంటర్‌ఫేస్ గ్రౌండ్ నుంచి స్పెక్ట్రమ్ లోపలి 7805 రెగ్యులేటర్ మధ్య కాలికి ఒక లావు వైరు సోల్డర్ చేశాను. పొడవు 10 సెంటీమీటర్ల లోపే. వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.
3. ఇంటర్‌ఫేస్ బోర్డులో 5 వోల్ట్‌కి, గ్రౌండ్‌కి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను.

మెషీన్ నడుస్తుండగా రెండు గ్రౌండ్‌ల మధ్య మల్టీమీటర్ పెడితే, ముందు 120 మిల్లీవోల్టులు చూపించింది. తర్వాత 10 కూడా లేదు. హ్యాంగ్ పోయింది.

మరి షాక్?

దీనికి స్పెక్ట్రమ్ తప్పేం లేదు. డెస్క్‌టాప్ పవర్ సప్లైలో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్‌కి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంట్ చాలా తక్కువ కాబట్టి మనకి చిన్న షాకే, కానీ పాత చిప్‌కి అది చాలు. పైగా ఆర్‌సీఏ ప్లగ్‌లో బయటి రింగ్ కంటే ముందు మధ్య పిన్ తగులుతుంది. అంటే ఆ లీకేజీ సూటిగా వీడియో లైన్‌లోకే వెళ్తుంది!

ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, సాకెట్‌లో ఎర్త్ హోల్ ఉంది కానీ పిట్ దగ్గర వైరు ఊడిపోయి ఉందని తేలింది. వైరు బిగించి, పిట్‌లో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోశారు. మా తిరువూరు ఎండలకి నేల ఎండిపోతే ఎర్త్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాబట్టి వేసవిలో పిట్‌కి నీళ్లు పోస్తూ ఉండాలి.

ఈ రెండూ గుర్తుంచుకోండి

• ఎర్త్ లేదని సాకెట్‌లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి కలపొద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే క్యాబినెట్ మొత్తం 230 వోల్టులు అవుతుంది. ఇంటి వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి.
• పవర్ ఆన్‌లో ఉండగా ఏ బోర్డూ, ఏ కేబులూ తగిలించొద్దు, తీయొద్దు. ముందు అన్నీ కలిపి, ఆఖర్న స్విచ్ వేయండి.

ఎస్డీ కార్డ్ ఇంటర్‌ఫేస్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ల నాటి చిప్ పోతే మళ్లీ దొరకడం కష్టం. అందుకే కొత్త బోర్డు ఆర్డర్ పెట్టే ముందే ఒకసారి మీ ఇంటి ఎర్త్ చెక్ చేయించుకోండి.